వరాలు గేటుకి నేర్పిన ప్రశ్న

ఆ ఊరి ఆనకట్ట గేటుకి చెవులున్నాయి, నోరుంది. పూర్వం నలుగురు కలిసి చక్రం తిప్పితే తప్ప కదిలేది కాదు. ఊరి పెద్దాయనకి గుట్ట ఎక్కడం కష్టమైపోయి, ఇంట్లో పడక్కుర్చీలో కూర్చుని తీగ మీద చెబితే తెరుచుకునేలా దానికి చెవులు పెట్టించాడు.

ఆ ఊళ్ళో ఒక మర్యాద ఉంది. తలుపు తడితే లోపలివాళ్ళు ఎవరని అడుగుతారు, బయటివాళ్ళు నేనే అంటారు, తలుపు తీస్తారు. నేనే అన్నాక కూడా ఎవరని రెట్టిస్తే మనిషిని గుమ్మంలో నిలబెట్టి అవమానించినట్టే. గేటుని పెంచింది ఆ ఊరివాళ్ళే కదా, దానికీ అదే మర్యాద నేర్పారు.

ఒకరోజు పొద్దున్నే తీగకి ఆ చివర ఊరూ పేరూ తెలియనివాడెవడో నేనే అన్నాడు. గేటు తెరుచుకుంది. దిగువ వీధి మునిగిపోయింది. కుట్టుపని చేసుకుని బతికే వరాలు కూతుర్ని భుజాల మీద ఎత్తుకుని గొంతులోతు నీళ్ళలో నిలబడింది. కుట్టుమిషనూ, ఎవరెవరివో సగం కుట్టిన జాకెట్లూ ఆమె కళ్ళ ముందే కొట్టుకుపోయాయి.

నీళ్ళు తీశాక ఆమె గుట్టెక్కి గేటుని నిలదీసింది.

“నేనే అన్నాడమ్మా,” అంది గేటు చిన్నబోయి. “ఆ తర్వాత ఏం అడగాలో నాకెవరూ చెప్పలేదు.”

వరాలుకి కోపం దిగింది గానీ భయం దిగలేదు. మళ్ళీ వానాకాలం రాకపోదు, మళ్ళీ ఎవడో ఒకడు పిలవకపోడు. ఈసారి పిల్ల దక్కుతుందని ఏమిటి నమ్మకం?

ఊరి చివర ఒక చిన్న కాలేజీ ఉంది. అక్కడ వయసు అడగరు, పాత మార్కులు అడగరు. పగలు పనికి పోయేవాళ్ళు సాయంత్రం వచ్చి చదువుకుంటారు. వరద తర్వాత అక్కడ గేట్లను కాపాడే చదువు పెడితే వరాలు చేరింది. మేష్టారు మొదటి రోజే కాపలా సంగతి పక్కనపెట్టి దొంగ సంగతి ఎత్తుకున్నారు. గేటుని మోసం చెయ్యడానికి ఎన్ని దారులున్నాయో వెతికి రమ్మన్నారు. ఈవిడకి ఈ వయసులో దొంగబుద్ధుల చదువేమిటని ఊళ్ళో చెవులు కొరుక్కున్నారు. మొదటి పరీక్ష తప్పింది. కూతురు చూడకుండా ఏడ్చింది, మర్నాడు అందరికంటే ముందే వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

చదువు పూర్తయ్యాక గేటుకి కొత్త అలవాటు నేర్పే పని ఆమెకే అప్పగించారు. ఇక నేనే అంటే చాలదు. గుట్టెక్కి వచ్చి, గేటు ఎరిగిన చెయ్యి ఇనుము మీద ఆనిస్తేనే తెరవాలి. గేటు ఎవరితో ఏం మాట్లాడినా అందరూ వినేలా వీధివీధికీ మైకు కట్టించింది. పాపం గేటుకి మొదట నోరు పెగల్లేదు. పెద్దమనుషుల్ని అలా అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడింది. వరాలు పక్కనే కూర్చుని పదేపదే అడిగించింది. తల్లి వెంట రోజూ వచ్చే కూతురు గేటుకి బాగా మాలిమి అయింది.

తన ఊళ్ళో తననే ఎవరని అడుగుతుందా అని పెద్దాయన మండిపడ్డాడు. ఆయన్ని ఒప్పించేసరికి వరాలుకి తలప్రాణం తోకకొచ్చింది. చివరికి చేతికర్ర పట్టుకుని, రొప్పుతూ, అందరినీ తిడుతూ ఆయన కూడా గుట్టెక్కి చెయ్యి ఆనించాడు.

దిగి వచ్చాక ఆయనే, ఇంత చేసిన వరాల్ని మాత్రం గేటు ఏమీ అడక్కూడదన్నాడు. ఊరంతా సరేనంది. వరాలు లోలోపల పొంగిపోయింది. ఎక్కడినుంచి పిలిచినా గేటు పలికేది. కొన్నాళ్ళు ఆ గౌరవాన్ని తనివితీరా అనుభవించింది.

ఒకసారి మేష్టారు చొక్కా గుడ్డ ఇవ్వడానికి వచ్చారు. కొలతలిచ్చి వెళ్ళబోతూ, “నువ్వే దొంగవైతే ఇప్పుడు ఎవరి గొంతు నేర్చుకుంటావమ్మా?” అని అడిగారు.

వరాలు చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆ గుడ్డ అక్కడే వదిలేసి గుట్టెక్కింది.

“ఇకనుంచి నన్నూ అడుగు,” అంది.

“నిన్ను కూడానా?” అంది గేటు. “నాకు అడగడం నేర్పిందే నువ్వు.”

“నన్నే ముందు అడుగు.”

వానలు పడ్డాయి. జలాశయం అంచుల దాకా నిండింది. ఒక మధ్యాహ్నం వరాలు కూతురి పక్కన కూర్చుని కాజాలు కుడుతుంటే మైకులో ఒక ఆడగొంతు వినబడింది. “నేనే, వరాల్ని. నా బిడ్డ నీ వెనకాల చిక్కుకుపోయింది. తొందరగా తెరువు.”

అది అచ్చం వరాలు గొంతు. కూతురు తెల్లబోయి తల్లి మూసిన నోటివైపు చూసింది. వీధిలో జనం గుమ్మాల్లోకి వచ్చారు. గుట్టెక్కే వ్యవధి లేదు. తీగ మీద తానూ పిలవొచ్చు, కానీ అదీ ఇంకో నేనే అవుతుంది, అంతే. గేటుకి ఆ పిల్లంటే ప్రాణమని ఊరందరికీ తెలుసు. వరాలు కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది.



“నువ్వే అయితే,” అంది గేటు ఏడుస్తూ, “వచ్చి చెయ్యి వెయ్యి తల్లీ.”

ఆ గొంతు బతిమాలింది, ఏడ్చింది, శాపనార్థాలు పెట్టింది, చివరికి తెగిపోయింది. గేటు కదల్లేదు.

కూతురు మెల్లిగా అడిగింది. “అమ్మా, గేటుకి నీ మీద నమ్మకం లేదా?”

“లేదమ్మా,” అంది వరాలు. కళ్ళనీళ్ళు కాజాల మీద పడుతున్నా తుడుచుకోలేదు. ముఖమంతా నవ్వే.