కుర్చీ చేతి మీది తీగ

శరభయ్యగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. అందుకే వంశధార ఒడ్డున ఆయన ఆశ్రమంలో సందేహాలు తక్కువ, శుభ్రం ఎక్కువ. ఆరు నెలలుగా అక్కడే ఉంటున్న శేషారత్నానికి ఈ సంగతి తెలుసు. తెలిసీ అడిగింది.

"మా చెల్లెలు కబురు పెట్టింది స్వామీ. గురువారం దానికి గుండె ఆపరేషనట. ముందే ఒక్కసారి చూసి వెళ్లమంది. తొమ్మిదేళ్లుగా మాకు మాటల్లేవు. నా లోపల కోపం ఇంకా ఉంది. అదంతా పోకుండా ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?"

ఆయన వరండాలోని పాత కుర్చీ చూపించారు. "మా గురువుగారు పెద్దస్వామి వారిది. ఆరాధనకి రంగు వెయ్యాలి. సిద్ధం చెయ్యమ్మా."

ఏటా ఆరాధన ముందు, కిటికీలకు వేయగా మిగిలిన రంగేదో ఆ కుర్చీకి పూయడం అక్కడి ఆనవాయితీ. సోమవారం శేషారత్నం చాకుతో గీకి, ఉప్పుకాగితంతో రుద్దడం మొదలుపెట్టింది. నిరుటి ఆకుపచ్చ పోయి నీలం వచ్చింది. నీలం కింద గులాబీ. చిన్నప్పుడు అక్కచెల్లెళ్లిద్దరికీ ఒకే తానుగుడ్డతో అమ్మ కుట్టించిన పరికిణీల రంగు అది. పొడి ఎండలో మెల్లగా తేలుతూ ఆమె చేతుల మీద, చీర మీద వాలుతోంది. నది గాలికీ, రుద్దుతున్న చప్పుడుకీ ఏదో మత్తు కమ్మింది. తను ఏ సంవత్సరంలో ఉందో తనకే తెలియలేదు. ఒక్క రంగూ మిగలకూడదన్న పంతం మాత్రం చేతుల్లో ఉంది.

బుధవారం మధ్యాహ్నానికి కుర్చీ చెయ్యి ఒకటి వట్టి చెక్కగా తేలింది. శరభయ్యగారు వచ్చి దాన్ని నిమిరారు.

"ఇక్కడ మల్లెతీగ ఉండాలే."

ఆమె రెండో చెయ్యి చూసింది. అక్కడ రంగుల కింద సన్నగా చెక్కిన తీగ వేలికి తగులుతోంది. ఇటువైపు నున్నగా ఉంది. రంగుతోపాటు తీగనీ అరగదీసేసింది. ఆమె ప్రాణం ఉసూరుమంది.

"కొత్త రంగు పట్టాలంటే పాతదంతా పోవాలనుకున్నాను స్వామీ."

"పెచ్చులు లేచింది తీసెయ్యాలి. గట్టిగా అంటుకున్నదాన్ని కాస్త గరుకు చేస్తే చాలమ్మా. కొత్తది దాన్నే పట్టుకుంటుంది."

శేషారత్నం ఉప్పుకాగితం కింద పెట్టింది. రంగుపొడి చేతులతోనే కళ్లు తుడుచుకుంది.

"మరి ఈ రెండో చెయ్యి?"

"అది నేను చూసుకుంటాను. నాలుగింటి బస్సుకి ఇంకా వేళుంది," అన్నారు శరభయ్యగారు.