జగడానికి పీట వేయించిన మంచన

స్వామివారి కల్యాణానికి తలంబ్రాల బియ్యం ఏరుతూ మా మేనత్తగారు చెప్పేవారు ఈ సంగతి. ఆవిడకు వాళ్ల నాయనమ్మ చెప్పిందట.

మామిళ్లగడ్డ సంస్థానాన్ని నీలాద్రిరాజుగారు ఏలుతున్న రోజులు. కల్యాణం నాటి ఉదయం ఆయన కొలువులో అడుగు పెడుతూనే, "సాయంత్రం ఊరేగింపులోగా తప్పెవరిదో తేలాలి. తేలితే వాణ్ణి, తేలకపోతే ఇద్దర్నీ సంస్థానం దాటిస్తాను" అన్నారు.

ఆ ఇద్దరూ గుడి మేళగాళ్లు. సన్నాయి గురవయ్య, డోలు ముత్యాలు. గురవయ్య చెల్లెలు నాంచారమ్మనే ముత్యాలు చేసుకున్నాడు. "బావా" అంటే "బావా" అనుకునే మనుషులు, వానాకాలం ముందు నుంచి మాటలు మానేశారు. ఒక పెళ్లిలో సరిగ్గా తాళి కట్టే వేళకు గట్టిమేళం అందలేదు. డోలు నిద్రపోయిందని గురవయ్య, సన్నాయికి ఊపిరాడలేదని ముత్యాలు. అప్పటినుంచి పక్కపక్కన కూర్చోరు. పాపం స్వామి, మేళం లేకుండానే ఊరేగుతున్నారు.

నెల బిడ్డనెత్తుకుని నాంచారమ్మ స్తంభం పక్కన నిలబడి ఉంది. మొగుణ్ణి వెళ్లగొడితే తనూ వెళ్లాలి. అన్నను వెళ్లగొడితే పుట్టిల్లు ఉండదు.

విచారణ జరిపింది ధర్మాధికారి భైరవావధానిగారు. తన పాండిత్యమంటే ఆయనకు చాలా భక్తి.

"ప్రభూ, సాక్షుల్లో సగంమంది తప్పు సన్నాయిదన్నారు. సగంమంది డోలుదన్నారు. మరికొందరిని పిలిపిస్తే..."

"వాళ్లూ సగం సగం అవుతారు" అన్నాడు మంచన.

మంచన రాజుగారికి పురాణం చదివి వినిపించేవాడు. గొంతు మెత్తన, మాట పదును.

"పురాణాలు చెప్పుకునేవాడివి, ధర్మశాస్త్రంలో నీకేం పనయ్యా? చేతనైతే నువ్వే తేల్చు!" అన్నారు అవధానిగారు.

"తేలుస్తాను. ముందొక్క మాట చెప్పండి స్వామీ. వీళ్లిద్దరి మధ్యా జగడం ఉన్నట్టు తమరు రుజువు చేశారా?"

"సాక్షులతో సహా! ఉంది. ముమ్మాటికీ ఉంది!"

"ఊళ్లో అందర్నీ విచారించి, మరి వాణ్ణొక్కణ్ణే వదిలేశారేం? ప్రభూ, ఆ జగడంగారికి ఒక పీట వేయించండి."

రాజుగారు నవ్వలేదు. "వేయండి" అన్నారు. వేశారు.

మంచన పీటకు ఒక నమస్కారం పెట్టి, గురవయ్య వైపు తిరిగాడు.

"వీడు మీ ఇంటికొస్తే ఎక్కడ కూర్చుంటాడు?"

"గుమ్మంలోనే అయ్యగారూ. చెల్లెలు వస్తుంటే దానికంటే ముందు వాడే లోపలికొస్తాడు."

"మరి నీ దగ్గరో ముత్యాలూ?"

"నా డోలు మీదే బైఠాయించాడు. ఇంకో సన్నాయి పక్కన కూర్చుంటే చెయ్యి సాగనివ్వడు."

"అన్నం తింటాడా?"

"వాడే తింటాడు బాబయ్యా" అంది నాంచారమ్మ స్తంభం దగ్గర్నుంచి. "ఈయనకు వడ్డిస్తే మా అన్న పేరెత్తి కంచం తోసేస్తాడు. అక్కడ మా అన్నా అంతేనట. రెండిళ్ల కూడూ వాడికే."

"గట్టి పిండమే. మరి వాణ్ణి రానివ్వని రోజు ఒక్కటైనా ఉందా?"

ఇద్దరూ తల దించుకున్నారు. గురవయ్యే ముందు చెప్పాడు.

"దీని పురుడు మా ఇంట్లోనే జరిగింది. నొప్పులు పడుతుంటే మంత్రసాని తల అడ్డంగా ఊపింది. బావ పరుగెత్తుకొచ్చాడు. అతని చేతులు రెండూ నేనే పట్టుకు కూర్చున్నాను."

"పట్టుకున్నాడయ్యా" అన్నాడు ముత్యాలు. "బిడ్డ ఏడుపు వినబడేదాకా వదల్లేదు."

"అప్పుడు గుమ్మంలో వీడు లేడా?"

"మేం చూడలేదు."

"అంటే ఆ పూట వాడికి కూడు లేదు. పెట్టనిదీ మీరిద్దరే." మంచన రాజుగారి వైపు తిరిగాడు. "తప్పెవరిదో తేలింది ప్రభూ. చెల్లెల్ని పుట్టింటికి దూరం చేసి, రెండిళ్ల కూడూ తిని, స్వామికి మేళం లేకుండా చేసినవాడు ఈ పీట మీదున్నాడు. తేలినవాణ్ణి దాటిస్తామని తమరు మాటిచ్చారు."

"ఇచ్చాం. దాటించండి."

"ఊరికే పొమ్మంటే పోయే రకం కాదండి. అమ్మవారినైనా మేళంతో సాగనంపితేనే కదా పొలిమేర దాటేది. వీడికీ మేళం కావాలి."

సభ అంతా మేళగాళ్ల వైపు చూసింది. నాంచారమ్మ బిడ్డను గుండెకు అదుముకుంది.

ముత్యాలు డోలు మెడకు తగిలించుకున్నాడు. వార్లు బిగించాడు. ఎటో చూస్తూ, "ఏం బావా, ఊపిరుందా?" అన్నాడు.

"నాకు ఉంటుందిలే. నువ్వు నిద్రపోకుండా ఉంటే చాలు."

"నువ్వు వాయిస్తుంటే నిద్రెలా పడుతుంది బావా?"

గురవయ్య సన్నాయి పెదవులకు ఆనించాడు. అప్పుడందుకున్న గట్టిమేళానికి సభలో పెద్దలు అలవాటుకొద్దీ అక్షింతల కోసం చేతులు చాచారట. నలుగురు బోయీలు వచ్చి పీటను భుజాలకెత్తుకున్నారు. బరువైనట్టు ఒకడు మూలిగాడు కూడా.

భైరవావధానిగారు ఇక ఆగలేకపోయారు.

"ఆపండి! ప్రభూ, ఇది శుద్ధ మోసం! కళ్లుండి చూడరేం? ఆ పీట మీద ఎవడూ లేడు!"

మేళం ఆగింది. మంచన రెండు చేతులూ జోడించాడు.

"ఉన్నాడని రుజువు చేసిన ధర్మాధికారిగారే ఇప్పుడు లేడంటున్నారు ప్రభూ. తీర్పు అమలైపోయింది. పీట దింపించండి."

ముందు నాంచారమ్మ నవ్విందట, కళ్లు తుడుచుకుంటూ. తర్వాత సభంతా. రాజుగారు నవ్వుతూనే తన పట్టు శాలువా తీసి మంచనకు కప్పి, బావలిద్దరికీ కలిపి ఒకే పళ్లెంలో తాంబూలం ఇప్పించారు.

మేళం అటునుంచి అటే స్వామి గుడికి నడిచింది.