పగడం తీసిన జాగా

ఈరప్పయ్య స్వామి పూసల దండలు గుచ్చి బతికేవాడు. ఆదోని దగ్గర ఒక పేటలో ఆయన ఇంటి అరుగే అంగడి, అదే ఆశ్రమం. శిష్యులు ఏమి అడిగినా చేతిలో పని ఆపేవాడు కాదు. అడిగినవాళ్ళ చేతికే ఏదో ఒక పని అందించేవాడు. జవాబు కోసం పోయినవాళ్ళు పని నేర్చుకొని వచ్చారని పేటలో నవ్వుకునేవాళ్ళు.

ఒకనాడు పగడమ్మ వచ్చి అరుగు చివర కూర్చుంది. నడివయసు దాటుతున్న మనిషి. మొగుడు పోయినాక తమ్ముడు రామాంజి ఇంట్లో ఉంటోంది. నలుగురిలో నోరు తెరిచే అలవాటు లేదు. కొంగు చివర మెలిపెట్టుకుంటూ కూర్చొని, అందరూ లేచిపోయినాక అడిగింది.

"సామీ, నా పేరు ఎట్లా వచ్చిందో నాకు తెలుసు. దానికి అర్థమేందో మీరు చెప్పాల."

ఆ పేరు ఎట్లా వచ్చిందో పేటలో అందరికీ తెలుసు. పగడమ్మకు ముందు పుట్టిన బిడ్డలు నిలవలేదు. అందుకని ఈమె పుట్టగానే చేటలో పడుకోబెట్టి ఎదురింటి సుంకులమ్మకు అమ్మినట్టు చేశారు. అట్లా అమ్మితే, ఇది ఈ ఇంటి బిడ్డ కాదనుకొని మృత్యువు పక్కకు పోతుందని నమ్మకం. నూకలిచ్చి కొంటే నూకమ్మ అంటారు, తవుడిచ్చి కొంటే తవిటమ్మ అంటారు. సుంకులమ్మ ఇంట్లో ఆ పొద్దు నూకలు కూడా లేవు. ఆమె మెడలోని పగడాల దండ తెంపి, ఒక పూస తీసి చేటలో వేసింది. బిడ్డను ఎత్తుకొని ముద్దాడి, పెంచమని మళ్ళీ తల్లి చేతికే ఇచ్చింది. బిడ్డ బతికింది. పగడమ్మ అయింది.

ఇప్పుడా సుంకులమ్మ ఒంటరిది. కండ్లకు పొరలు కమ్మి, పొయ్యి ముట్టించాలంటే భయపడుతోంది. పగడమ్మను తోడుండమని కబురు పెట్టింది. అది విని రామాంజి మండిపడ్డాడు.

"పోతే పో అక్కా. ఆ గడప తొక్కినావంటే మన నాయన నిన్ను నిజంగానే అమ్ముకున్నాడని ఊరంటుంది. మళ్ళీ ఈ గడపకు మాత్రం రావద్దు."

"పూసకు వచ్చిన మనిషి పూసకే పోతుందిలే," అని వాని పెండ్లాం పొయ్యి దగ్గరినుంచే అంది.

ఇదంతా చెప్పి పగడమ్మ, "బేరాన్నే పేరుగా మోస్తున్నట్టుంది సామీ. పోతే అమ్ముడుపోయినదాన్ని. పోకపోతే ఆ ముసలామె..." అని ఆగిపోయింది.

స్వామి బుట్టలోంచి ఒక పాత పగడాల దండ తీసి ఆమె ముందు పెట్టాడు.

"సుంకులమ్మది. దారం చీకిపోయింది. మార్చి గుచ్చు."

పగడమ్మ దండను తిప్పి చూసింది. ఒకచోట పూస లేదు. అటొక ముడి, ఇటొక ముడి, నడుమ ఉత్త దారం. ఎవరో చేతకానివాళ్ళు గుచ్చారనుకుంది. పాత దారం తెంపి, కొత్తదానికి మైనం రాసి, పూసలన్నీ దగ్గరికి జరిపి సందు లేకుండా గుచ్చింది. దండ చక్కగా కుదిరింది. స్వామి చూసి, తన చేతిలో దండ గుచ్చుకుంటూ పోయాడు.

కొంతసేపటికి సుంకులమ్మ గోడ తడుముకుంటూ వచ్చింది. దండ మెడలో వేసుకొని వేళ్ళతో ఒక చుట్టు తడిమింది.

"ఈరప్పా, ఇదెవరిది? నాది ఇయ్యప్పా."

"అది నీదే తల్లీ."

"కండ్లు పోయినాయని మెడ కూడా పోయిందనుకుంటివా? నాదాంట్లో సందుండాల!"

పగడమ్మ దగ్గరికి జరిగి, "నేనే మూసేసినా. ఇన్నేండ్లు బోడిగా పెట్టుకునే బదులు ఇంకో పూస వేయించుకోకూడదా?" అంది.

గొంతు గుర్తుపట్టి ముసలామె నవ్వింది. "నువ్వా మ్మే! పోయినదానికైతే ఇంకోటి ఏస్తారు. అది యాడికీ పోలేదు గదా. పెండ్లి చేసుకొని పోయింది, మళ్ళా వచ్చింది, మా ఎదురింట్లోనే తిరుగుతాంది. నన్ను చూడను మాత్రం తీరదు దానికి. అయినా అది ఉండంగానే దాని జాగాలో ఇంకొకదాన్ని ఎట్లా కూర్చోబెడతా?"

పగడమ్మ ముసలామె మెడలోంచి దండ తీసి, తను గుచ్చిన దారం తనే తెంపింది. ఈసారి ఒక పగడం పట్టేంత జాగా వదిలి, అటొక ముడి ఇటొక ముడి వేసింది. సుంకులమ్మ మళ్ళీ తడిమి చూసుకొని, "ఆఁ, ఇది నాది," అని లేచింది. గోడ కోసం చాచిన చేతికి పగడమ్మ భుజం తగిలింది. ముసలామె ఆ భుజమే పట్టుకుంది.

సుంకులమ్మ ఇంటికి ఎదురుగా తమ్ముడు వాకిట్లో కూర్చొనే ఉంటాడని పగడమ్మకు తెలుసు. మెట్టు దిగి ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగింది.

"సామీ, నేనడిగినదానికి మీరేమీ చెప్పకపోతిరి."

స్వామి సూదిలో దారం ఎక్కిస్తూ తల ఎత్తకుండానే అన్నాడు:

"రెండుసార్లు గుచ్చింది నువ్వు. నన్నడుగుతావేమి?"