ముగ్గురికీ తెలిసిన బావి

అనగా అనగా, గుట్ట కింద ఒక ఊళ్ళో సోమక్క అని ఒకావిడ ఉండేది. ఆవిడకి చిలకమ్మ అని ఏడేళ్ళ కూతురు. ఊఁ కొట్టవేం? ఊఁ కొడితేనే చెప్తా, ఆఁ!

చిలకమ్మ ఒక్కచోట నిలిచే పిల్ల కాదు. కోడిపిల్లల వెనక ఒకటే పరుగు. అలాంటిదాని కాళ్ళు మోకాళ్ళ దగ్గర వంకరపోవడం మొదలెట్టాయి. సోమక్క గుండె గుభేలుమంది.

అప్పుడు వైద్యుడు శరభయ్య దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన కాళ్ళు నొక్కి చూసి, "ఎముకలో ఏదో చేరుతోందమ్మా" అన్నాడు. కట్లు కట్టాడు, తైలం ఇచ్చాడు. ఏం చేరుతోందో, ఎక్కణ్ణించి వస్తోందో ఆయనకి తెలీదు.

ఆ తర్వాత బావులు తవ్వే గురవయ్య ఎదురయ్యాడు. "ఊరి బావి మరీ లోతుకి తవ్వామక్కా. అడుగున రాయి కరిగి నీళ్ళ రుచే మారిపోయింది" అన్నాడు. రుచి మారితే మనిషికి ఏమవుతుందో ఆయనకి తెలీదు.

ఆ తర్వాత గొర్రెల బీరప్ప. ఆ బావి నీళ్ళు తాగే గొర్రెలకి పళ్ళు గారపట్టాయి, చెరువు నీళ్ళు తాగేవాటికి తెల్లగా ఉన్నాయి. అది చెప్దామని వైద్యుడి అరుగు ఎక్కబోయాడు. "కిందే నిలబడు! గొర్రెల పళ్ళు చూసి మనిషి రోగం చెప్తావురా?" అని కసిరాడు శరభయ్య. గురవయ్యేమో, "నేను తవ్విన బావికే వంకలు పెడతావా?" అని పోట్లాటకి దిగాడు. పాపం, బీరప్ప నోరు మూసుకుని మందలోకి పోయాడు.

ముగ్గురిదీ ఒకటే వీధి! అయినా ఒక్కసారి కలిసి కూర్చుంటే ఒట్టు. చూస్తూ చూస్తూ మూడేళ్ళు గడిచాయి. చిలకమ్మ కర్ర పట్టుకుంటేగాని నడవలేకపోయింది.

అప్పుడు సోమక్కకి కొడుకు పుట్టాడు. వీడి కాళ్ళూ అలాగే అయితే? ఇంక ఆగలేక, ఆనాటి అరుగు గొడవ గుర్తొచ్చి, ముగ్గుర్నీ తన వాకిట్లోకి పిలిచింది. "ఇక్కడ అరుగు లేదు, అందరూ నేలమీదే కూర్చోండి. ఎవరికి తెలిసింది వాళ్ళు చెప్పండి" అంది.

ఒకరు ఎముక గురించి, ఒకరు రాయి గురించి, ఒకరు పళ్ళ గురించి చెప్పారు. చెప్పడం అయ్యేసరికి ముగ్గురి మొహాల్లోనూ నెత్తురు చుక్క లేదు. "ఆ బావేనమ్మా" అన్నాడు శరభయ్య.

ఆ రోజే బావికి ముళ్ళకంప అడ్డం వేశారు. చెరువు నీళ్ళు కాచుకు తాగారు. తమ్ముడి కాళ్ళు చక్కగా ఎదిగాయి. కానీ చిలకమ్మ వంగిపోయిన కాళ్ళు మళ్ళీ తిన్నగా అవ్వవు కదా, బంగారం.

చిలకమ్మ శరభయ్యని అడిగింది. "మీరు ముగ్గురూ చెప్పుకోడానికి ఎంతసేపు పట్టింది తాతా?"

"ఒక్క పూటమ్మా" అన్నాడాయన.

ఆ పిల్ల కర్ర అందుకుని, తమ్ముడు ఆడుకుంటున్న చోటికి మెల్లగా నడిచింది.

కథ కంచికి, కునుకు నీ కంటికి.