తొంభై రెండు రోజుల ఇల్లు

పానకాలాచారి గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడి ముఖం ఒకసారి చూసి, మళ్ళీ తన పనిలో పడేవారు. రెండు రోజులకో రెండు నెలలకో ఎక్కడో ఏదో జరిగేది. అడిగినవాడికి తన ప్రశ్న అప్పుడు గుర్తొచ్చేది. బాపట్లకు పడమటగా, కాలవ గట్టున ఒక పెంకుల కొట్టంలో ఆయన పదిమందికి ఇళ్ళు కట్టే విద్య నేర్పేవారు. వాళ్ళలో గోవర్ధనం చురుకైనవాడు. డిప్లొమా చదివి, పట్నంలో ఒక కాంట్రాక్టరు దగ్గర నాలుగేళ్ళు పనిచేశాడు. ఒకే అచ్చులో పోసినట్టుండే ఇళ్ళు కట్టించి కట్టించి విసుగెత్తి, ఆచారి గారి పేరు విని వెతుక్కుంటూ వచ్చాడు.

ఒకరోజు ఆచారి గారు ఉలి నూరుకుంటూ ఉండగా అతను అడిగాడు.

"గురువుగారూ, వందమందికి ఒకేలా కట్టే ఇంటికి ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలుసు. ఒక్క మనిషి కోసం, ఆ మనిషికి తగ్గట్టు కట్టే ఇంటికి ఎన్నాళ్ళు పడుతుంది?"

ఆచారి గారు ఉలి అంచు వేలితో తడిమి చూసుకుని, "ఒకటి కట్టు" అన్నారు. అంతే.

ఆ ఏడు తుఫానుకు కాలవ తెగి, దగ్గర్లోని నేతపల్లెలో కొన్ని ఇళ్ళు కూలిపోయాయి. ఎవరో దయగలవాళ్ళు సామాను ఇచ్చారు. కట్టే భారం ఆచారి గారి మీద పడింది. అందులో భావనారాయణ అనే యాభై అయిదేళ్ళ నేతగాడి ఇంటిని ఆయన గోవర్ధనానికి అప్పగించారు. మొదటి రోజు గోవర్ధనం టేపు పట్టుకుని, మొండిగోడల మధ్య నిలబడి, "ఇల్లు ఎలా కావాలి బాబాయ్?" అని అడిగాడు. భావనారాయణ పైపంచ చంకలో పెట్టుకుని, "తమకు తెలియందేముంది బాబూ. మీ ఇష్టం ఎలా అయితే అలా కట్టండి" అన్నాడు. ఆ మాటకు గోవర్ధనానికి ప్రాణం లేచి వచ్చింది. పట్నంలో ఒక్కో ఇంటాయన ఒక్కో గోడను మూడుసార్లు మార్పించేవాడు. ఇక్కడ ఆ బెడద లేదు.

అలాగని అతను నిర్లక్ష్యంగా కట్టలేదు. మళ్ళీ వరద వచ్చినా నీళ్ళు ఎక్కకుండా మూడడుగుల ఎత్తు పునాది లేపాడు. భావనారాయణకు మోకాలి నొప్పి ఉందని కనిపెట్టి, మెట్లు రెండుసార్లు పగలగొట్టించి, ఎత్తు తగ్గించి మళ్ళీ కట్టించాడు. అతని భార్య పున్నమ్మ పొట్టి మనిషి. ఆమెను గోడకు ఆనించి నిలబెట్టి, ఆమె మోచేతికి అందేలా వంటగట్టు కొలత తీసుకున్నాడు. ముందు గదిలో నున్నటి కడప బండలు పరిపించాడు. ఎండాకాలం వాటి మీద ఒట్టి వీపుతో పడుకోవచ్చు. ఇల్లు పూర్తయిన సాయంత్రం కొట్టానికి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా, "తొంభై రెండు రోజులు, గురువుగారూ!" అన్నాడు. ఆచారి గారు నవ్వి, "మంచిది. రేపు పాలు పొంగించేటప్పుడు నేనూ వస్తాను" అన్నారు.

తెల్లవారి పల్లె పల్లెంతా వచ్చింది. గుమ్మానికి మామిడాకులు, గడపకు పసుపు. ముసలివాళ్ళు మెట్లెక్కి దిగి, మళ్ళీ ఎక్కి చూసి, "మోకాలికి తెలియనే లేదు" అని చెప్పుకుంటున్నారు. గోవర్ధనం ఏం తెలియనట్టు స్తంభానికి ఆనుకుని నిలబడి, ప్రతి మాటా వింటున్నాడు. ఇంతలో వంటగదిలోంచి పున్నమ్మ పిలిచింది. మూడు రోజులుగా పట్టిన ముసురుకు పుల్లలు తడిసి, పొయ్యి పొగలు కక్కుతోంది. పాలు ఎంతకీ పొంగడం లేదు.

"మీరు కట్టిన ఇల్లు బాబూ, మీ చేత్తోనే పొంగాలేమో. ఆ మూలన ఎండు కర్ర ఉంది, ఒకటి ఎగదొయ్యండి."

మూలన జానెడు జానెడు ముక్కలుగా కొట్టిన కర్ర పేర్చి ఉంది. గోవర్ధనం ఒకటి తీసుకున్నాడు. పాత టేకు. ఒక వైపు అద్దంలా మెరుస్తోంది. ఎన్నో ఏళ్ళు ఎవరో అరచేత్తో రాసి రాసి నున్నబరిచినట్టు ఉంది. ఇంత మంచి కర్ర పొయ్యిలోకా అని ఒక్క క్షణం అనిపించింది గానీ, అందరూ చూస్తున్నారు. పొయ్యిలోకి తోశాడు. మరొకటి కూడా తోశాడు. టేకు భగ్గున అంటుకుంది. పాలు గిన్నె అంచు దాటి పొంగాయి. ఆడవాళ్ళంతా ఒక్కసారి సంతోషంగా కేక పెట్టారు.

అప్పుడే ఆచారి గారు లోపలికి వచ్చారు. పాల వంక చూడలేదు. వంగి పొయ్యిలోకి చూశారు. తరువాత మూలనున్న ముక్కల్లోంచి ఒకటి చేతిలోకి తీసుకుని, ఆ మెరిసే వైపు బొటనవేలితో తడిమారు.

"పున్నమ్మా, ఈ కర్ర ఎక్కడిదమ్మా?"

"మాదేనండి," అంది పున్నమ్మ, కొంగు సర్దుకుంటూ. "మగ్గానిది."

గోవర్ధనానికి మొదట అర్థం కాలేదు. "ఏ మగ్గం?" అన్నాడు.

"మా ఇంటాయన మగ్గం బాబూ. మా మామగారు చేయించింది. వరదలో గట్టెక్కించి పక్కవాళ్ళ పాకలో పెట్టుకున్నాం. ఈ ముక్కలు నేసిన బట్ట చుట్టుకునే దూలానివి. ఆ దూలం ఆయన పొట్టకు ఆనుతూ ఉంటుంది చూడండి, అందుకే అంత నున్నన."

"మరి... దాన్ని ఎందుకు కొట్టేశారు?"

"పెట్టుకునే చోటు లేదుగా" అంది ఆమె. ఆ మాటలో నిష్ఠూరం లేదు. వాన పడిందిగా అన్నట్టు అంది.

"చోటు లేకపోవడమేమిటి? ముందు గది పద్నాలుగు అడుగులు..." అంటూ గోవర్ధనం గుమ్మం వైపు తిరిగాడు. గుమ్మంలో భావనారాయణ నిలబడి ఉన్నాడు. కొత్త పంచె కట్టుకున్నాడు. పొయ్యి కనబడకుండా తల పక్కకు తిప్పుకుని ఉన్నాడు.

"గుంట మగ్గం బాబూ," అన్నాడు మెల్లిగా. "కాళ్ళు దించుకోవడానికి నేల తవ్వాలి. ఇంత మంచి బండలు పరిచారు. వాటిని..." తన నేల మీద తను నిలబడటం కూడా తప్పేమో అన్నట్టు కాలివేళ్ళు ముడుచుకున్నాడు.

గోవర్ధనం గుమ్మం అవతలి బండల వంక చూశాడు. నేతగాడి ఇల్లు. తొంభై రెండు రోజులు నేతపల్లెలో తిరిగాడు. పొద్దున్నే ప్రతి ఇంట్లోంచీ మగ్గాల చప్పుడు వింటూ పనికి వచ్చాడు. పున్నమ్మ మోచేతి ఎత్తు అంగుళాలతో సహా చెప్పగలడు. ఆమె భర్త ఎక్కడ కూర్చుని బతుకుతాడో ఒక్కసారీ తోచలేదు. మగ్గమంటే మంచం లాంటిదని, ఇల్లయ్యాక ఏ మూలనో వేసుకుంటారని అనుకున్నాడు కాబోలు. అసలు అలాగైనా అనుకున్నాడా? గుర్తు రాలేదు.

"ఇక ఆయన ఏం చేస్తాడు?" అని ఆచారి గారు అడుగుతున్నారు.

"రైసుమిల్లులో గేటు దగ్గర కూర్చోమన్నారండి. రేపటి నుంచి వస్తానని చెప్పి వచ్చాడు" అంది పున్నమ్మ.

గోవర్ధనం ఒక్క అంగలో పొయ్యి దగ్గరికి వెళ్ళి, మంటలోకి చెయ్యి పెట్టి ఆ కర్రను పట్టుకుని లాగాడు. అప్పటికే నల్లబడి పగిలింది. సగం చేతిలోకి వచ్చింది, సగం నిప్పుల్లోనే విరిగిపోయింది. ఆడవాళ్ళు అరిచారు. పున్నమ్మ అతని మణికట్టు పట్టుకుని నీళ్ళ బిందెలో ముంచింది.

"అయ్యో, చెయ్యి కాలింది కదా బాబూ! పోతే పోనివ్వండి. కర్రేగా!"

చేతి మంట ఓర్చుకున్నాడు గానీ, ఆ 'కర్రేగా' అన్న మాట ఓర్చుకోలేకపోయాడు. బిందెలో చెయ్యి ఉండగానే, "నాకెందుకు చెప్పలేదు బాబాయ్? రోజూ మీ కళ్ళముందే ఉన్నానే!" అన్నాడు.

భావనారాయణ పైపంచ అంచు నలుపుకున్నాడు. "నా మోకాలి కోసం ఎండలో నిలబడి మెట్లు రెండుసార్లు పగలగొట్టించారు తమరు. నా కన్నతండ్రి కూడా నాకోసం అంత చెయ్యలేదు. అలాంటి మనిషితో ఇల్లు బాగా కుదరలేదని ఏ నోటితో చెప్పను? అడుగుతారేమో అనుకున్నాను బాబూ. బండలు పరిచే రోజు దాకా చూశాను."

పొంగిన పాలు నిప్పుల మీద మాడి వాసన వస్తున్నా గిన్నె దించాలని ఎవరికీ తోచలేదు. గోవర్ధనం తల ఎత్తి గురువుగారి వంక చూశాడు. ఆయనకు అన్నీ ముందే తెలుసని, కావాలనే ఊరుకుని ఉంటారని అనుకున్నాడు. "మీకు తెలుసా?" అన్నాడు. అందులో కొంత కోపం కూడా ఉంది.

పానకాలాచారి గారు గోడకు చేరగిలబడి నేల మీద కూర్చుండిపోయారు. శిష్యులు ఆయన్ని ఎన్నడూ అలా చూడలేదు.

"తెలియదు. నువ్వు పటం చూపించినప్పుడు పునాది చూశాను, గాలి చూశాను, వాననీళ్ళు పోయే దారి చూశాను. నేత మనిషి ఇంట్లో మగ్గం ఎక్కడ అని నేనూ అడగలేదు. నలభై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను."

గోవర్ధనం లేచి బయటికి వెళ్ళి గునపం తెచ్చాడు. కాలిన అరచేతికి తడిగుడ్డ చుట్టుకుని, ముందు గది నడుమ నిలబడి గునపం ఎత్తాడు. గృహప్రవేశం రోజున నేల పగలగొట్టడమేమిటని ముసలివాళ్ళు అడ్డొచ్చారు. అతను వినిపించుకోలేదు. ఆచారి గారు వచ్చి గునపం మీద చెయ్యి వేశారు.

"ఎక్కడ తవ్వుతావు?"

గోవర్ధనం గదిని కలయజూశాడు. కిటికీ పక్కనా? గోడ వెంబడా? ఎంత లోతు? మోకాలి నొప్పి మనిషి ఎటు నుంచి దిగి కూర్చుంటాడు? తాను కట్టిన గది, ప్రతి బండా దగ్గరుండి పరిపించిన గది. ఎక్కడ తవ్వాలో అతనికి తెలియలేదు. గునపం దించి గోడకు ఆనించాడు. కాసేపటికి వెళ్ళి భావనారాయణ ఎదుట నిలబడ్డాడు.

"బాబాయ్, మీరు ఎలా నేస్తారో నాకు చూపిస్తారా?"

భావనారాయణ సిగ్గుపడ్డాడు. మగ్గమే లేదు, ఏం చూపించను అన్నాడు. అయినా బండ మీద చతికిలబడ్డాడు. కాళ్ళు దించే చోటు లేక ముందుకు చాచాడు. పోగును అటూ ఇటూ నడిపే నాడె చేతిలో ఉన్నట్టే ఒట్టి గాలిలో విసిరి, అవతలి చేత్తో అందుకున్నాడు. మళ్ళీ విసిరాడు. నాలుగోసారికి అతని కళ్ళ నుంచి నీళ్ళు కారడం మొదలైంది. చేతులు మాత్రం ఆగలేదు. గోవర్ధనం అతని ఎదురుగా కూర్చున్నాడు.

ఆ రోజంతా లేవలేదు. పొద్దుటి వెలుగు ఎడమ భుజం మీదుగా పడితే తెగిన పోగు కనబడుతుందని తెలిసింది. పున్నమ్మ నూలు కండెలు చుట్టే చోటు భర్త చేతికి అందేంత దగ్గరగా ఉండాలని తెలిసింది. పాత ఇంట్లో చిత్తడికి గుంటలో నీళ్ళూరి, కాళ్ళు నాని, ఆ మోకాలి నొప్పి అలా వచ్చిందనీ తెలిసింది. మర్నాడు భావనారాయణ మిల్లుకు వెళ్ళలేదు. గోవర్ధనాన్ని వెంటబెట్టుకుని పల్లెలో మరో నేతగాడి ఇంటికి వెళ్ళి, గోవర్ధనాన్నే మగ్గం గుంటలోకి దించి కూర్చోబెట్టాడు. సాయంత్రానికి గోవర్ధనం నడుము పట్టేసింది. ఒక్క జానెడు బట్ట కూడా సరిగ్గా రాలేదు. చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. భావనారాయణ కూడా నవ్వాడు.

మూడోరోజు, సామాను ఇచ్చినవాళ్ళ తరఫున చూసిపోవడానికి నాగలింగం అనే పెద్దమనిషి వచ్చాడు. జరిగిందంతా, పూర్తయిన ఇంటి నేల మళ్ళీ తవ్వాలన్న సంగతితో సహా, ఆయన చెవిన పడింది. ఇంట్లో మట్టి తట్ట లేదు, పలుగు లేదు, కూలీలు లేరు. గోవర్ధనం కట్టు కట్టిన చేతిని ఒడిలో పెట్టుకుని, పున్నమ్మ పక్కన కూర్చుని, రెండో చేత్తో కండె చుట్టడం నేర్చుకుంటూ ఆమె చెబుతున్నది వింటున్నాడు. భావనారాయణ మధ్య మధ్య భార్య మాట సరిదిద్దుతున్నాడు. ఆచారి గారు చూరు కింద ఒక కొత్త టేకు దూలానికి చిత్రిక పడుతున్నారు.

నాగలింగానికి ఏమీ నచ్చలేదు. "రోజులు గడిచిపోతున్నాయి ఆచారి గారూ. మీవాడు ఈ ఇంటి పని ఎప్పుడు మొదలుపెడతాడండీ?"

ఆచారి గారు పని ఆపి, గదిలోకి ఒకసారి చూశారు.

"మొన్న మొదలుపెట్టాడు" అన్నారు.