ముని వేళ్ల మీద రాచకూతురు

“చెయ్యమంటారా, మానెయ్యమంటారా?” అని అడగడానికి వచ్చినవాళ్లకి హరికథ పేరిందేవమ్మగారు ఏనాడూ జవాబు చెప్పి ఎరగరు. వచ్చినవాళ్ల చేత ఏదో ఒక పని చేయించేవారు, లేదా తన చేత కాని పని ఒకటి చూపించేవారు. ఆపైన కాఫీ ఇచ్చి పంపేసేవారు. రేపల్లెలో ఆవిడ దగ్గర కథ నేర్చుకున్నవాళ్లలో సగంమంది ఆవిడది చాదస్తమనీ, మిగతా సగం ఆవిడకి తెలియనిది లేదనీ అనుకునేవారు. రెండూ కొంత నిజమే.

హైమవతి రెండో రకం మనిషి. తొమ్మిదేళ్లు ఆ ఇంటి చుట్టూ తిరిగి కథ నేర్చుకుంది. ఇప్పుడు నలభయ్యో ఏట, దసరా పందిళ్లలో తనకంటూ నలుగురు పిలిచే పేరు వచ్చింది. సరిగ్గా అప్పుడే కుడికాలి బొటనవేలు మొరాయించింది. మూడేళ్లుగా అది పక్క వేలి మీదికి ఒరిగిపోతోంది. వేలి మొదట్లో రేగుపండంత బుడిపె లేచింది. గజ్జె కట్టి గంటన్నర అడుగు వేసిందంటే, మర్నాడు కాలు నేలన మోపడం గగనమైపోతోంది. గుంటూరులో డాక్టరు ఫోటోలు తీయించి చూసి, కీలు సగం అరిగిందన్నాడు. ఎముక సరిచేసి కీలుని ఉంచేస్తే వేలు వంగుతుంది గానీ నొప్పి కొంత మిగలొచ్చు. కీలునే ప్లేటుతో అతికించేస్తే నొప్పి పోతుంది గానీ వేలు ఇక జన్మలో వంగదు. “మీకైతే అతికించడమే మేలమ్మా” అని గురువారానికి రమ్మన్నాడు. పేరిందేవమ్మగారు పద్నాలుగేళ్ల కిందట చేయించుకున్నదీ ఆ ఆపరేషనే. అందుకని సోమవారం పొద్దున్నే హైమవతి కుంటుకుంటూ వచ్చి, వరండాలో గోంగూర వలుస్తున్న గురువుగారి ముందు కూర్చుంది.

“అమ్మగారూ, అతికించేసుకోమంటారా, వద్దంటారా?”

పేరిందేవమ్మగారు తలెత్తలేదు. “కల్యాణ కథలో దారి చూసే ఘట్టం ఉంది కదా, అది చెప్పు” అన్నారు.

కాలు నొప్పని మొత్తుకుంటుంటే కథ చెప్పమంటుందేమిటి అని హైమవతికి కాస్త ఉక్రోషం వచ్చిన మాట నిజం. అయినా లేచి కొంగు బిగించింది. ఆ ఘట్టం ఆవిడ నేర్పిందే. తెల్లవారితే ఇష్టంలేని పెళ్లి. కబురు తీసుకెళ్లిన బ్రాహ్మడు ఇంకా రాలేదు. రాచకూతురు మేడ మీద నిలబడి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ముని వేళ్ల మీద లేచి దారి చూస్తుంది. అంతే ఘట్టం. హైమవతి రాగం అందుకుని ముని వేళ్ల మీదికి లేచింది. వేలి మొదట్లో సూదులు దిగినట్టయింది. పళ్ల బిగువున ఓర్చుకుని, గురువుగారి తల మీదుగా వీధి గుమ్మంవైపు చూసింది.

ఆ ఘట్టాన్ని మూడొందల సార్లు చెప్పిన మనిషి, ఎందరికో నేర్పిన మనిషి, చేతిలో గోంగూర కాడతో వెనక్కి తిరిగి గుమ్మంవైపు చూశారు. అక్కడ ఎవరూ లేరు.

“ఊఁ” అని ఆవిడ చేతులు కడుక్కుని లేచారు. “ఇప్పుడు నేను చెబుతాను, చూడు.”

అరవై ఎనిమిదేళ్లు వచ్చినా గొంతు ఖణేల్మంటోంది. రాచకూతురి దిగులు హైమవతికి ఒళ్లు జలదరించేలా వినిపించింది. ముని వేళ్ల మాట దగ్గరకి వచ్చేసరికి ఎడమ మడమ లేచింది. కుడికాలు మాత్రం చెక్క బద్దలా ఉండిపోయి పక్కకి ఒరిగింది. ఆవిడ తూలి స్తంభం పట్టుకున్నారు. హైమవతి గబుక్కున ముందుకొచ్చి భుజం పట్టుకుంది.

“నువ్వు గుమ్మంవైపు చూడలేదు” అన్నారు పేరిందేవమ్మగారు.

“మీ కాలు చూస్తున్నానండీ.”

“జనమూ అంతేనే. ఆపరేషనయ్యాక మొదటి కథ వేమూరులో. నేను లేస్తే పందిరంతా తల తిప్పి వెనక్కి చూసేది కదా ఎప్పుడూ, ఆ వేళ ఒక్క తల తిరగలేదు. అందరూ జాలిగా నా కాలికేసే చూశారు. ఆ కథ మళ్లీ చెప్పలేదు.”

హైమవతి ఆ సంగతి ఎరగదు. గురువుగారు కల్యాణ కథ మానేసింది పెద్దతనం వల్లనే అనుకుంటూ వచ్చింది ఇన్నేళ్లూ.

ఆవిడ మెల్లిగా కూర్చుని మిగతాది చెప్పారు. నొప్పి విషయంలో మాత్రం వంక పెట్టక్కర్లేదట. అది ఆపరేషన్‌తోనే పోయింది, మళ్లీ రాలేదు. బజారుకి నడిచి వెళ్లి వస్తారు, బస్సెక్కుతారు. గొంతుక్కూర్చుని పొయ్యి అలకలేరు, అటక మీది జాడీ అందుకోలేరు. వాటికి ఏనాడూ బాధపడలేదు. ఆనాడు ఆస్పత్రికి మరిదిగారు తోడు వెళ్లారు. వదినగారు నలుగురిలో గజ్జె కట్టడం ఆయనకి మొదట్నుంచీ నామోషీ. డాక్టరు కాగితం ముందు పెట్టుకుని, “ఏం చేస్తుంటారమ్మా?” అని అడిగాడు. “ఆవిడకేం పనండీ, ఇంటి పట్టునే ఉంటారు” అన్నారు మరిదిగారు. డాక్టరు ఆ మాట పట్టించుకోకుండా ఆవిడనే మళ్లీ అడిగాడు. వెయ్యిమంది ముందు మైకు లేకుండా గొంతెత్తిన మనిషి, ఆ చల్లటి గదిలో, ఆ తెల్లకోటు ముందు పమిట సర్దుకుని నవ్వి ఊరుకున్నారు.

“అదేం నవ్వో!” అన్నారు పేరిందేవమ్మగారు. “ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది.”

హైమవతికి తన సంగతి గుర్తొచ్చింది. గుంటూరు ఆస్పత్రిలో కౌంటరు దగ్గర తన చేతికీ ఒక కాగితం ఇచ్చారు. పేరు, వయసు, ఊరు రాసింది. వృత్తి అన్నచోట పెన్ను ఆగింది. వెనకాల లైన్లో బ్యాంకు ఉద్యోగిలా ఉన్న ఒకావిడ తొంగి చూస్తోంది. హరికథ అని రాస్తే ఏమనుకుంటుందో అనిపించింది. నోరు నొక్కడానికి పక్కన మరిదీ లేడు, మొగుడూ లేడు. తన చేత్తో తనే రాసింది. ఆ కాగితం చూసుకునే కదా డాక్టరు ‘మీకైతే’ అన్నాడు! ఆ మాట అప్పుడు ఎంత ఊరటగా వినిపించిందో తలుచుకుంటే ఇప్పుడు ఏడుపు ముంచుకొచ్చింది.

“గృహిణి అని రాశానండీ” అంది తల దించుకుని.

పేరిందేవమ్మగారు కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండునని హైమవతికి అనిపించింది. ఆవిడ చేట దగ్గరకి లాక్కుని గోంగూర కాడ ఒకటి తీసుకున్నారు. ఆకులు దూయడం మొదలుపెట్టారు.

“మరి గురువారం ఏం చెయ్యమంటారండీ?” అంది హైమవతి కళ్లు తుడుచుకుని.

“నా కాలు పాడుచేశాడని ఆ డాక్టర్ని ఎన్నేళ్లు తిట్టుకున్నానో హైమా” అన్నారు ఆవిడ. “పాపం, ఆయన తప్పేం లేదు. ఇంటి పట్టున ఉండే ఆవిడకి చెయ్యాల్సినట్టే చేశాడు.”