వెనక కమాను కట్ట

రామయోగి గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగిన చోట జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడు పనిచేసే చోటికి వెళ్లి కూర్చునేవారు. దాంతో ఊసుపోక అడిగేవాళ్లు సగానికి సగం తగ్గిపోయారు.

అప్పలనర్సయ్య ఊసుపోక అడగలేదు. గాజువాక దాటాక రోడ్డు పక్కన అతనికో షెడ్డు ఉంది. ఇనుము మోసే ట్రైలర్లకు కమాను కట్టలు, అంటే ఇరుసు మీద బరువు మోసే వంపు పట్టీల స్ప్రింగులు, మారుస్తాడు. కిందటేడు జ్వరం వచ్చి అతని ఏడేళ్ల కూతురు పైడితల్లి పోయింది.

"మర్చిపోయే మంత్రమేదైనా ఇప్పించండి గురువుగారూ. సాయంత్రమైతే నాకు ఎదురు పరిగెత్తుకొస్తన్నట్టే ఉంటాది. నానింక మొయ్యలేను."

"మరి నీ భార్య ఈశ్వరమ్మ?"

"మా ఆడదా? అది బాగానే ఉన్నాదండి. దానికాడ పిల్ల పేరెత్తను. దాని బాధ కూడా నానే పడతన్నాను."

మర్నాడు పొద్దున్నే గురువుగారు షెడ్డుకు వచ్చి పాత టైరు మీద కూర్చున్నారు. పక్కన బల్ల మీద గ్రీజు డబ్బా ఒకటి, దాన్నిండా మెరిసే బేరింగు గోళీలు. పాడైన బేరింగుల్లోంచి వాటిని ఏరి, కడిగి, కూతురికి ఆడుకోవడానికి పట్టుకెళ్లేవాడు అప్పలనర్సయ్య. పిల్ల పోయినా ఏరడం మానలేకపోయాడు. ఇంటికి తీసుకెళ్తే ఈశ్వరమ్మ చూస్తుందని ఇక్కడే దాచాడు. పని మధ్యలో కన్ను అటే పోయేది. చూసినప్పుడల్లా పిల్ల కావాలనిపించేది, ఇంకేమీ వద్దనిపించేది.

అంతలో ఖాళీ ట్రైలరు ఒకటి వచ్చి ఆగింది. వెనక భాగంలో పక్కపక్కనే రెండు ఇరుసులు, ముందున్న ఇరుసు కమాను కట్ట విరిగి వేలాడుతోంది. డ్రైవరు రుసరుసలాడుతూ దిగాడు.

"మళ్లీ అదే కట్ట ఇరిగిపోనాది! ఈసారి రెండు పట్టీలు ఎక్కువేసి గట్టిది కట్టు. ఎనకది చూడు, నిక్షేపంలా ఉన్నాది."

అప్పలనర్సయ్య జాకీ ఎత్తి, దిమ్మలు పెట్టి, కిందికి దూరాడు. విరిగినదాన్ని ముట్టుకోలేదు. రెండు కట్టల్నీ కలిపే నడిమి ముక్కను సుత్తితో కొట్టాడు. అది కదల్లేదు.

"తప్పు కట్టది కాదు. ఈ ముక్క ఊగతా ఉండాల. ఒక చక్రానికి బరువెక్కువైతే రెండోదానికి పంచేది ఇదే. గ్రీజు లేక పిన్ను పట్టేసింది. అంతా ఒక్కటే మోస్తన్నాది. ఎంత గట్టిదేసినా ఇరిగిపోద్ది."

"మరి ఎనకది బాగానే ఉన్నాది కదా?"

"బాగుండడమేటి? దానికి బరువు అందనిస్తే కదా! ఖాళీగా ఉన్నాది."

తుప్పు పట్టిన పిన్ను ఓ పట్టాన రాలేదు. దాన్ని ఊడగొట్టి, కొత్త పిన్ను బిగించి, గ్రీజు ఎక్కించి, విరిగిన కట్ట మార్చేసరికి మధ్యాహ్నం దాటింది. జాకీ దించగానే నడిమి ముక్క మెల్లగా తిరిగింది, ట్రైలరు రెండు కట్టల మీదా సమంగా కూర్చుంది. అప్పలనర్సయ్యకు ఎన్నాళ్లకో కాస్త నవ్వొచ్చింది.

"చూశారా గురువుగారూ, ఇప్పుడు రెండూ మోస్తన్నాయి," అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

గురువుగారు లేచి, బల్ల మీది గోళీల డబ్బా తీసి అతని చేతుల్లో పెట్టారు.

"ఇది ఇంటికి తీసుకెళ్లు నాయనా," అన్నారు. "వెనక కట్ట ఖాళీగా ఉంది."